తెగని రోజుల లెక్క: మాయా కాలగణనలో ఆకాశం

మధ్య అమెరికా ప్రాంతపు ప్రాచీన మాయా ప్రజల గణితంలో భిన్నాలు లేవు. వారి సంవత్సరంలో అధిక దినం లేదు, అధిక మాసమూ లేదు. గోళాల నమూనా గానీ, గ్రహాల కక్ష్యల గురించిన సిద్ధాంతం గానీ వారు రాసిపెట్టిన దాఖలా లేదు. అయినా శుక్రుడు తూర్పున వేగుచుక్కగా తొలిసారి కనిపించే రోజును శతాబ్దాల తరబడి లెక్క తప్పకుండా చెప్పగల పట్టికను, గ్రహణం పట్టే అవకాశమున్న రోజులను ముప్పై రెండేళ్లకు పైగా ముందుగా చూపే పట్టికను వారు తయారుచేసుకున్నారు. దీనికి కారణం వారి కాలగణన నిర్మాణంలోనే ఉంది. చాలా నాగరికతలు ఆకాశంలోని కదలికకు సరిపోయేలా తమ లెక్కను అప్పుడప్పుడు సర్దుబాటు చేసుకున్నాయి. మాయా గణకులు రోజుల లెక్కను ఎన్నడూ ఆపలేదు, సర్దలేదు. ఎప్పటికీ తెగని ఆ లెక్కనే కొలబద్దగా పెట్టుకుని సూర్యుడు, చంద్రుడు, శుక్రుడు, కుజుడు దానితో ఎక్కడ కలుస్తారో, ఎంత తేడాతో తప్పుతారో నమోదు చేశారు.

ఆ కొలబద్దలో మూలమైనది 260 రోజుల చక్రం. పండితులు దీనిని త్జోల్కిన్ అంటారు. ఒకటి నుంచి పదమూడు వరకు అంకెలు, ఇరవై రోజుల పేర్లు ఏకకాలంలో ముందుకు సాగుతాయి. 1 ఇమిష్ తర్వాత 2 ఇక్, ఆ తర్వాత 3 అక్బల్ వస్తాయి. పదమూడు దాటగానే అంకె మళ్లీ ఒకటికి వస్తుంది గానీ పేరు మాత్రం పద్నాలుగో దానికి జరుగుతుంది. అదే అంకె అదే పేరుతో మళ్లీ కలవడానికి 260 రోజులు పడుతుంది. మన పంచాంగంలో తిథి, వారం వేర్వేరు వేగాలతో నడుస్తూ కలిసి ఒక రోజును గుర్తించినట్టే ఇక్కడ అంకె, పేరు కలిసి రోజును గుర్తిస్తాయి. దీని పక్కనే హాబ్ అనే 365 రోజుల సంవత్సరం నడుస్తుంది. ఇరవై రోజుల నెలలు పద్దెనిమిది, చివర వయేబ్ అనే ఐదు రోజులు ఇందులో ఉంటాయి. ఈ ఐదింటినీ అశుభంగా భావించేవారు. త్జోల్కిన్, హాబ్ రెండూ ఒకే స్థానంలో మళ్లీ కలిసేది 18,980 రోజులకు, అంటే 52 హాబ్‌లకు ఒకసారి.

అసలు సౌర సంవత్సరం 365 రోజుల కంటే దాదాపు పావు రోజు ఎక్కువ కాబట్టి హాబ్ నాలుగేళ్లకు ఒక రోజు చొప్పున రుతువుల నుంచి పక్కకు జరుగుతూ పోతుంది. ఇది వారికి తెలియదని అనుకోవడానికి వీల్లేదు. తెలిసి కూడా వారు హాబ్‌కు ఒక రోజును చేర్చలేదు, ఎందుకంటే ఒక్క రోజు చేరిస్తే 18,980 రోజుల కూర్పు మొత్తం చెదిరిపోతుంది. మాయా కాలగణనను నేటి గ్రెగోరియన్ క్యాలెండర్ కంటే కచ్చితమైనదని మెచ్చుకునే రాతలు తరచుగా కనిపిస్తాయి. హాబ్ విషయంలో ఆ మాట నిలవదు. వారి కచ్చితత్వం వేరే చోట ఉంది.

260 ఎక్కడి నుంచి వచ్చిందనే ప్రశ్నకు చాలా సమాధానాలు ఉన్నాయి. పదమూడు, ఇరవై అనే రెండు పవిత్ర సంఖ్యల గుణకారమని కొందరు, మానవ గర్భధారణ కాలానికి దగ్గరగా ఉందని మరికొందరు అంటారు. గ్వాతెమాలా ఎత్తైన ప్రాంతాల్లోని ఇప్పటి దినగణకులు కూడా గర్భం సంగతే చెబుతారు. ఖగోళం వైపు నుంచి వచ్చే వివరణ సూర్యుడు నడినెత్తికి రావడం గురించినది. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ప్రాంతాల్లో ఏడాదికి రెండు సార్లు మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా తల మీదికి వచ్చి నిలువు కర్రకు నీడ లేకుండా పోతుంది. ఇది తెలుగువారికీ అనుభవమే. హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ ఈ నీడలేని మధ్యాహ్నం వస్తుంది. ఈ రెండు రోజుల మధ్య దూరం అక్షాంశాన్ని బట్టి మారుతుంది. సుమారు 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆ రెండు రోజులు సంవత్సరాన్ని 105, 260 రోజుల భాగాలుగా విడగొడతాయి. ఇప్పటి హోండురాస్‌లోని కోపాన్ నగరం, పసిఫిక్ తీరానికి దగ్గరలోని ప్రాచీన ఇసాపా ఈ అక్షాంశం మీదే ఉన్నాయి. ఈ పోలిక ఆకర్షణీయమైనదే గానీ, 260 రోజుల లెక్క ఆ ఒక్క అక్షాంశానికి పరిమితం కాకుండా మెసోఅమెరికా (మెక్సికో నుంచి మధ్య అమెరికా వరకు ఉన్న ప్రాచీన నాగరికతల ప్రాంతం) అంతటా వ్యాపించి ఉంది కనుక దీనినే ఏకైక మూలంగా తీసుకోవడం తొందరపాటు అవుతుంది. సంఖ్య ఎలా పుట్టినా, దానిని నిలబెట్టింది మాత్రం అది ఎన్నో ఆకాశ చక్రాలతో పొందికగా కలవడమే. ఉత్తర గ్వాతెమాలాలోని సాన్ బార్తోలోలో దొరికిన ఒక గోడచిత్రపు ముక్క మీద ‘7 జింక’ అనే రోజు గుర్తు ఉంది. క్రీ.పూ. 300–200 మధ్య కాలానికి చెందిన ఆ ముక్కను గురించి 2022లో పరిశోధకులు ప్రకటించారు. మాయా ప్రాంతంలో ఈ లెక్కకు ఇప్పటి వరకు దొరికిన ఆధారాల్లో అది అత్యంత పురాతనమైనది.

52 ఏళ్లకు తిరిగివచ్చే తేదీతో ఒక మనిషి జీవితాన్ని గుర్తించవచ్చు గానీ రాజవంశాల చరిత్రను గుర్తించలేం. ప్రభవ నుంచి అక్షయ వరకు అరవై సంవత్సరాల పేర్లతోనే కాలం చెబితే, ఏ ప్రభవ అన్న సందేహం మనకు ఎలా వస్తుందో వారికీ అలాగే వచ్చేది. దానికి పరిష్కారంగా దీర్ఘగణన వచ్చింది. ఒక ఆది దినం నుంచి గడిచిన మొత్తం రోజుల సంఖ్యను చెప్పడమే దాని పని. మన సిద్ధాంత గ్రంథాల్లోని అహర్గణం ఏమి చేస్తుందో ఇదీ అదే చేస్తుంది. ఒక రోజు కిన్, ఇరవై రోజులు వినాల్, 360 రోజులు తున్, 7,200 రోజులు కతున్, 1,44,000 రోజులు బక్తున్. ఇరవై గుణకాల వరుసలో ఒక్క తున్ దగ్గర మాత్రం పద్దెనిమిదితో గుణించడం వల్ల ఆ ప్రమాణం సంవత్సరానికి దగ్గరగా వచ్చింది. స్థానాల్లో ఖాళీని చూపడానికి సున్నా గుర్తు కూడా ఉంది. పుస్తకాల్లో అది గవ్వచిప్ప ఆకారంలో కనిపిస్తుంది.

ఆ ఆది దినం క్రీ.పూ. 3114 ఆగస్టు 11. కలియుగ ఆరంభంగా మన గణకులు తీసుకున్న క్రీ.పూ. 3102 ఫిబ్రవరికి, దీనికి మధ్య దాదాపు పదకొండున్నర సంవత్సరాలే తేడా. ఇది కేవలం యాదృచ్ఛికం. రెండు సంప్రదాయాల మధ్య ఎలాంటి సంబంధమూ లేదు. కాకపోతే రెండు చోట్లా ఆ తేదీని ఎవరో చూసి రాసుకోలేదు, చాలా తర్వాతి గణకులు వెనక్కి లెక్కించి నిర్ణయించారు. దీర్ఘగణన తేదీలతో దొరికిన తొలి శిలలు క్రీ.పూ. 36, 32 సంవత్సరాలవి. అవి మెక్సికోలోని చియాపా దే కోర్సో, త్రెస్ సపోతెస్‌లలో, అంటే మాయా నగరాలకు పడమటి వైపున దొరికాయి. మాయా ప్రాంతంలో తికాల్ నగరపు 29వ శిల క్రీ.శ. 292 తేదీని చూపుతుంది. దీర్ఘగణన తేదీ ఉన్న చిట్టచివరి శాసనాన్ని 909లో తోనినాలో చెక్కారు. పదమూడు బక్తున్‌లు పూర్తయిన 2012 డిసెంబరు 21న లోకం అంతమవుతుందని వచ్చిన ప్రచారానికి మాయా శాసనాల్లో ఆధారం లేదు. పాలెంకే నగరంలోని ఒక శాసనం పకాల్ రాజు పట్టాభిషేకానికి సంబంధించిన తిథిని క్రీ.శ. 4772 వరకు ముందుకు లెక్కించి చూపుతుంది. లోకం 2012లో ముగుస్తుందని నమ్మినవారు ఆ తేదీని రాయరు.

ఇంత సాహిత్యం ఉండవలసిన నాగరికతకు మిగిలినవి నాలుగే పుస్తకాలు. 1562 జులైలో యుకతాన్‌లోని మానీ పట్టణంలో దియేగో దె లాందా అనే స్పెయిన్ మతాధికారి మాయా గ్రంథాలను తగలబెట్టించాడు. ఆ లాందాయే తర్వాత రాసిన గ్రంథంలో రోజుల పేర్లు, నెలల పేర్లు గుర్తులతో సహా నమోదు కావడం, శాసనాల లెక్కలు విప్పడానికి అదే పనికిరావడం చరిత్రలోని బాధాకరమైన విషయం. మిగిలిన నాలుగింటిలో ఖగోళ పరంగా అత్యంత విలువైనది డ్రెస్డెన్ గ్రంథం. అంజూర జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితం మీద సున్నపు పూత వేసి, విసనకర్ర మడతల్లా మడిచిన ఈ పుస్తకాన్ని 1739లో వియన్నాలో సంపాదించి జర్మనీలోని డ్రెస్డెన్‌కు తెచ్చారు. దాని లెక్కలను విప్పినవాడు ఆ గ్రంథాలయంలోనే పనిచేసిన ఎర్నెస్ట్ ఫోర్స్టెమాన్. 1880ల నుంచి ఆయన దీర్ఘగణన సూత్రాన్ని, శుక్రుని పట్టిక అర్థాన్ని అంకెల ఆధారంగానే పట్టుకున్నాడు. అప్పటికి మాయా లిపిని ఎవరూ చదవలేకపోతున్నారు.

శుక్రుని పట్టికలో ఐదు పుటలున్నాయి. ఒక్కో పుట 236, 90, 250, 8 అనే నాలుగు సంఖ్యలను చూపుతుంది. వేగుచుక్కగా కనిపించే కాలం, సూర్యుని వెనుక మరుగయ్యే కాలం, సాయంకాలపు చుక్కగా కనిపించే కాలం, సూర్యునికి మనకు మధ్య మరుగయ్యే కాలం వరుసగా ఇవి. మన పంచాంగాల్లో శుక్ర మౌఢ్యమని చెప్పి పెళ్లిళ్లకు విరామం ఇచ్చే కాలం ఈ మరుగయ్యే రోజులే. నాలుగూ కలిపితే 584. నిజానికి శుక్రుడు వేగుచుక్కగా, సాయంకాలపు చుక్కగా కనిపించే కాలాలు సగటున సమానంగా, చెరి 263 రోజుల చొప్పున ఉంటాయి. 236, 250 అనేవి కళ్లతో చూసి రాసిన సంఖ్యలు కావు. 236 సరిగ్గా ఎనిమిది చాంద్రమాసాలకు సరిపోతుంది కనుక చంద్రుని లెక్కతో పొందిక కోసం విభజనను మార్చి ఉంటారని పరిశోధకులు భావిస్తారు. మొత్తం 584 రోజుల విషయంలో, చివరి 8 రోజుల విషయంలో మాత్రం పట్టిక ఆకాశానికి కట్టుబడి ఉంది. వారికి ముఖ్యమైంది వేగుచుక్క తిరిగివచ్చే ఉదయమే. ఆ ఉదయాన శుక్రుడు ఎవరి మీద ఈటె విసురుతాడో పక్కనే బొమ్మలు చెబుతాయి.

584ను ఇరవైతో భాగిస్తే నాలుగు మిగులుతుంది. అందువల్ల ఒకసారి అహౌ అనే రోజున వేగుచుక్క కనిపిస్తే తర్వాతి సారి నాలుగు పేర్లు దాటి కాన్, ఆ తర్వాత లామాత్, ఎబ్, కిబ్ వస్తాయి. ఆరోసారి మళ్లీ అహౌ. ఇరవై పేర్లలో ఐదింటికి మాత్రమే శుక్రోదయ యోగం ఉంటుందన్న మాట. ఐదు ఆవృత్తులు (584 రోజుల చక్రాలు) 2,920 రోజులు, అంటే సరిగ్గా ఎనిమిది హాబ్‌లు. ఈ ఐదును పదమూడు అంకెలతో గుణిస్తే 65 ఆవృత్తులు, 37,960 రోజులు అవుతాయి. అక్కడ శుక్రుడు, త్జోల్కిన్, హాబ్ మూడూ ఒకేచోట కలుస్తాయి. 104 హాబ్‌లకు ఒకసారి వచ్చే ఈ కలయిక కోసమే పట్టికలో పదమూడు వరుసలు పెట్టారు.

చిక్కు ఎక్కడంటే శుక్రుని సగటు ఆవృత్తి 584 కాదు, 583.92. ఒకసారికి ఇది ఏమీ కాదు, కానీ 65 ఆవృత్తులకు ఐదు రోజుల తేడా వస్తుంది. భిన్నాలు తెలిసినవారైతే 583.92 అని రాసుకుని ముందుకు సాగుతారు. మాయా గణకులు పూర్ణాంకాలతోనే దీనిని సాధించాలి, పైగా శుక్రుని పవిత్ర దినమైన 1 అహౌతోనే కొత్త పట్టిక మొదలుకావాలి. 61 ఆవృత్తుల తర్వాత పట్టిక చూపే రోజు 5 కాన్. అప్పటికి శుక్రుడు లెక్క కంటే 4.8 రోజులు ముందుంటాడు. 5 కాన్ నుంచి నాలుగు రోజులు వెనక్కి వస్తే 1 అహౌ వస్తుంది. పట్టికను 65 వరకు నడపకుండా 61 దగ్గర ఆపి, నాలుగు రోజులు తగ్గించి మళ్లీ మొదలుపెడితే తప్పు దాదాపు మొత్తం పోతుంది, పవిత్ర దినమూ నిలుస్తుంది. అయినా ఆ చిన్న శేషం మళ్లీ పేరుకుంటుంది. దానికి మరో సవరణ ఉంది. 57 ఆవృత్తుల తర్వాత వచ్చే రోజు 9 లామాత్. అక్కడి నుంచి ఎనిమిది రోజులు వెనక్కి జరిగితే మళ్లీ 1 అహౌయే. ఈ రెండు సవరణలకు కావలసిన గుణకాలు పట్టికకు ముందున్న పుటలో ఉన్నాయి. 1930లో పరిశోధకుడు జాన్ టీపుల్ ప్రతిపాదించిన పద్ధతిలో 61 ఆవృత్తుల సవరణను నాలుగు సార్లు, 57 ఆవృత్తుల సవరణను ఒకసారి వాడితే 301 ఆవృత్తులకు 24 రోజులు తగ్గుతాయి. నిజంగా తగ్గవలసింది 23.7 రోజులు. 481 ఏళ్లలో మిగిలే తప్పు ఒక రోజులో మూడో వంతు. వారు ఆచరణలో సరిగ్గా ఈ వరుసనే పాటించారని నిర్ధారించలేం. తర్వాతి పండితులు వేరే క్రమాలను కూడా సూచించారు. కానీ సవరణల నిర్మాణం మాత్రం పుట మీద స్పష్టంగా కనిపిస్తోంది. రోజుల ప్రవాహాన్ని ఎక్కడా తెంచకుండా, పట్టిక ఎక్కడ మొదలవ్వాలన్నది మాత్రమే మార్చి ఆకాశాన్ని పట్టుకోవడం వారి పద్ధతిలోని అసలు ప్రతిభ.

గ్రహణాల పట్టికలో ఇదే ఆలోచన మరింత లోతుగా పనిచేస్తుంది. రాహుకేతువులని మనం పిలిచే, సూర్యచంద్రుల మార్గాలు ఖండించుకునే బిందువుల దగ్గరికి సూర్యుడు సుమారు 173.31 రోజులకు ఒకసారి వస్తాడు. ఆ రోజులకు దగ్గర్లో వచ్చే అమావాస్యకే సూర్యగ్రహణం సాధ్యం. 173.31ని మూడుతో గుణిస్తే 519.93, అంటే 520కి అతి దగ్గర. అది 260కి రెట్టింపు. దీనివల్ల గ్రహణ భయం ఉన్న రోజులు త్జోల్కిన్‌లో చెల్లాచెదురుగా పడకుండా మూడు ప్రదేశాల చుట్టూనే గుమిగూడతాయి. 260 రోజుల లెక్క పట్టుకున్నవాడికి ఇది తనంతట తానే కనిపించే విషయం, సౌర సంవత్సరం మాత్రమే తెలిసినవాడికి ఎప్పటికీ కనిపించదు. పట్టిక 405 చాంద్రమాసాలను 11,960 రోజులుగా లెక్కిస్తుంది. అది 260కి 46 రెట్లు. ఆధునిక గణన ప్రకారం 405 చాంద్రమాసాలు 11,959.89 రోజులు. ఈ కాలాన్ని ఆరు మాసాల (177 లేదా 178 రోజుల) అంతరాలు అరవై, ఐదు మాసాల (148 రోజుల) అంతరాలు తొమ్మిదిగా విడగొట్టి 69 గ్రహణ స్థానాలను గుర్తించారు. వీటిలో చాలా గ్రహణాలు మాయా దేశంలో కనిపించవు. పట్టిక చెప్పేది గ్రహణం పట్టి తీరుతుందని కాదు, ఈ రోజున జాగ్రత్తగా ఉండాలని మాత్రమే.

405 అనే సంఖ్యకు వెనుక చరిత్ర ఉంది. పాలెంకే శాసనాల్లోని చంద్రుని వయసును (అమావాస్య నుంచి గడిచిన రోజులను) పరిశీలించి, అక్కడివారు 81 మాసాలకు 2,392 రోజుల సూత్రాన్ని వాడారని టీపుల్ చూపించాడు. కోపాన్‌లో 149 మాసాలకు 4,400 రోజులు. గ్రహణ పట్టికలోని 405 మాసాలు పాలెంకే సూత్రానికి సరిగ్గా ఐదు రెట్లు. 2012లో గ్వాతెమాలాలోని షుల్తూన్ శిథిలాల్లో ఒక గది గోడ మీద తొమ్మిదో శతాబ్ది ఆరంభం నాటి లెక్కలు బయటపడినట్టు విలియం సటర్నో బృందం ప్రకటించింది. అందులోని చంద్ర పట్టిక 162 మాసాలకు 4,784 రోజులు చూపుతుంది, అది 81 మాసాల సూత్రానికి రెట్టింపు. డ్రెస్డెన్ గ్రంథానికి కొన్ని శతాబ్దాల ముందే గణకులు గోడను పలకగా వాడి ఇలాంటి లెక్కలు వేసేవారని దీనితో తేలింది.

కుజుని విషయం తేలిక. కుజుని ఆవృత్తి 780 రోజులు, అంటే మూడు త్జోల్కిన్‌లు, డ్రెస్డెన్ గ్రంథంలో దానికీ పట్టిక ఉంది. శాసనాల్లో వచ్చే 819 రోజుల చక్రం మాత్రం చాలాకాలం చిక్కుముడిగా మిగిలింది. 2023లో జాన్ లిండెన్, విక్టోరియా బ్రికర్ దానిని ఇరవై రెట్లు చేసి చూస్తే, ఆ 16,380 రోజుల పరిధిలో కంటికి కనిపించే ఐదు గ్రహాల ఆవృత్తులూ సరిపోతాయని వాదించారు. అంత పెద్ద పరిధి ఇస్తే చాలా సంఖ్యలు కలుస్తాయన్న అభ్యంతరం ఉన్నా, ఇదీ 260కి 63 రెట్లు కావడం గమనించదగినది.

కట్టడాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చిచెన్ ఇత్సాలోని ఎల్ కాస్తియో పిరమిడ్ మెట్ల మీద విషువత్తు (పగలు, రాత్రి సమానమయ్యే) రోజున పాకే సర్పపు నీడను చూడడానికి వేలాది మంది వస్తారు. ఆ నీడ విషువత్తుకు అటూ ఇటూ వారాల తరబడి కనిపిస్తుంది, దాని గురించి మాయా రాతల్లో ఎక్కడా ప్రస్తావన లేదు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన వేదిక కలిపి 365 కావడం మాత్రం సంవత్సర సంఖ్యకు గట్టి సూచన. అదే నగరంలోని కారకోల్ అనే గుండ్రని గోపురం కిటికీలు శుక్రుడు క్షితిజంపై ఉత్తర, దక్షిణ దిశల్లో చేరుకునే చివరి అంచుల వైపు చూస్తాయని 1970లలో ఆంటొనీ అవెని, ఆయన సహచరులు కొలిచి చూపారు. యుద్ధాలను శుక్రుని కదలికను బట్టి మొదలుపెట్టేవారన్న వాదన ఇంత బలంగా లేదు. 562లో తికాల్ ఓటమిని చెప్పే శాసనంలో నక్షత్రం గుర్తు ఉన్నమాట నిజమే, కానీ అలాంటి గుర్తున్న తేదీలన్నీ శుక్రుని ముఖ్య స్థానాలతో కలవవు.

ఈ తేదీలన్నీ మన తేదీలుగా మారాలంటే రెండు లెక్కలను కలిపే ఒక సంఖ్య కావాలి. 1905లో జోసెఫ్ గుడ్‌మన్ ప్రతిపాదించి, తర్వాత హువాన్ మార్తినెస్, ఎరిక్ థామ్సన్ సవరించిన సంఖ్యనే ఇప్పుడు చాలామంది అంగీకరిస్తున్నారు. తికాల్ ఒకటో ఆలయం ద్వారబంధపు సపోటా కలపను రేడియోకార్బన్‌తో పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితం ఈ సంఖ్యనే సమర్థించింది. అయితే ఇందులోనూ రెండు రూపాలు ఉన్నాయి, వాటి మధ్య తేడా రెండు రోజులు. ఒకదాని ప్రకారం పదమూడో బక్తున్ 2012 డిసెంబరు 21న, మరొకదాని ప్రకారం 23న పూర్తయింది. శుక్రుని పట్టికను ఆకాశంతో పోల్చిన ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ రెండోదే సరైనదని వాదించాడు. కలప పరీక్ష రెండు రోజుల తేడాను పట్టుకోలేదు. దానిని పట్టుకోగలిగేది సజీవంగా ఉన్న లెక్క ఒక్కటే. గ్వాతెమాలాలోని మోమోస్తెనాంగో వంటి ఊళ్లలో కిచే మాయా దినగణకులు 260 రోజుల చక్రాన్ని ఈనాటికీ నడుపుతున్నారు, ‘8 బట్స్’ రోజున కొత్త చక్రాన్ని వేడుకగా ఆరంభిస్తున్నారు. వారి లెక్కలో 2012 డిసెంబరు 21వ తేదీ ‘4 అహ్‌పు’, అంటే శాసనాలు బక్తున్ ముగింపుకు చెప్పే 4 అహౌ. పుస్తకాలు కాలిపోయి, నగరాలు అడవి పాలై, పరాయి పాలన కింద శతాబ్దాలు గడిచినా కొండల్లోని గ్రామాల్లో రోజుల వరుస ఒక్కటి కూడా తప్పలేదనడానికి ఇది బలమైన సాక్ష్యం. అందుకే రెండు రూపాల్లో మొదటి దానివైపే ఎక్కువమంది పండితులు మొగ్గుతున్నారు.